శనివారం గడి

మాత్రల డబ్బాలో శనివారం గడి మూత తెరిచినట్టు లేదు. మధులిక గోరుతో ఎత్తి చూసింది. నాలుగు మాత్రలూ లోపలే ఉన్నాయి. రక్తం గడ్డకట్టకుండా వాడేవి రెండు, గుండె వేగాన్ని అదుపులో ఉంచేది ఒకటి, బీపీది ఒకటి. శుక్రవారం గడి ఖాళీ. గురువారం, బుధవారం కూడా ఖాళీ. ఆ మాత్రలు మింగవలసిన మనిషి, ఆమె భర్త రఘువీర్, అప్పటికే కొండకు వెళ్ళిపోయాడు. యాభై రెండేళ్ల వయసులో మొదటిసారి స్కీయింగ్ చేయడానికి, కాళ్ళకు పలకలు కట్టుకుని మంచు మీద జారడానికి.

బళ్ళకు ఫిబ్రవరి హాఫ్ టర్మ్ సెలవులు. లీడ్స్ నుంచి రెండు తెలుగు కుటుంబాలు ముందురోజు కార్లలో బయలుదేరి స్కాట్లండ్ హైలాండ్స్‌లో ఒక కాటేజీకి చేరాయి. మధులిక, రఘువీర్, వాళ్ళ పదహారేళ్ల కూతురు సహస్ర ఒక కుటుంబం. సాకేత్, అతని భార్య మనస్విని, మూడేళ్ల కొడుకు రెండోది. ప్రయాణం ఏర్పాట్లన్నీ సాకేత్‌వే. అతను నాలుగేళ్లుగా స్కీయింగ్ చేస్తున్నాడు. తనకు వచ్చినది నలుగురికీ నేర్పించాలని తహతహలాడే మనిషి.

మరిచిపోయి ఉంటాడని మధులిక మొదట అనుకుంది. తరువాత పొయ్యి వైపు చూసింది. గిన్నెలో ఉప్మా కొంత మిగిలి ఉంది. సింకులో ఉన్న ప్లేట్లు లెక్క ప్రకారం ఒకటి తక్కువ. అప్పుడు గుర్తొచ్చింది, ఈరోజు శనివారమని. రఘువీర్‌కు ఒక్కపొద్దు. పగలంతా ఏమీ తినడు. పొద్దుగూకాక దేవుడి దగ్గర దీపం పెట్టి ఒక్కపూట భోంచేస్తాడు.

పిల్లవాడికి పాలు పట్టిస్తున్న మనస్విని డబ్బా వైపు చూసింది.

“గిన్ని గోలీలేందక్కా? ఎవరియి?”

“మీ అన్నయే. విటమిన్లు.”

“కిడ్నీల రాయికి విటమిన్లు కూడ ఇస్తరా?”

“ఇస్తరు,” అంది మధులిక.

అది ఎనిమిది నెలలుగా చెబుతున్న అబద్ధం. పోయిన జూన్‌లో రఘువీర్ ఆఫీసు నుంచి ఇంటికి నడిచి వస్తూ, వాళ్ళ వీధి ఎత్తు ఎక్కుతుండగా ఛాతీ పట్టుకున్నాడు. గ్యాస్ అన్నాడు. ఇంటికి వచ్చి ఈనో కలుపుకొని తాగాడు. ఎడమ చెయ్యి లాగుతోందన్నాడు. సోఫా మీద వెల్లకిలా పడుకొని వాము నమిలాడు. మధులిక 999కు ఫోన్ చేస్తానంటే వద్దన్నాడు. అంబులెన్స్ వచ్చి వాకిట్లో నిలబడితే వీధంతా చూస్తుందన్నాడు. ఆమె వినలేదు. ఆ సాయంత్రమే ఆసుపత్రిలో గుండె రక్తనాళంలో స్టెంట్ వేశారు.

మరునాడు కళ్ళు తెరిచి అతను అడిగిన మొదటి మాట, “ఎవరికైనా చెప్పినవా?”

“లేదు.”

“చెప్పకు. కిడ్నీల రాయి అను.”

రఘువీర్ ఒక బ్యాంకు ఐటీ విభాగంలో పదిహేనేళ్లుగా పనిచేస్తున్నాడు. ఊరు హనుమకొండ. దావత్‌లలో తొలి పాట పాడేది, క్రికెట్ టీములో ఓపెనింగ్ దిగేది, ఎవరిల్లు మారుతున్నా సోఫాలు మోసేది అతనే. గుండె జబ్బు మనిషి అంటే ఇక ఎవరూ సోఫా మొయ్యమని పిలవరు. కుర్చీ వేసి కూర్చోబెడతారు. అతని భయం అది. చావు గురించి అతను అంతగా భయపడ్డట్టు ఆమెకు ఎప్పుడూ కనిపించలేదు.

ఆమె మాత్రం ఆ రోజు ఆసుపత్రి వరండాలో నిలబడి ఒక మొక్కు మొక్కింది. వెంకటేశ్వరస్వామీ, ఈయన బతికి బయటపడితే ప్రతి శనివారం ఒక్కపొద్దు ఉంటాడు. మొక్కింది ఆమె. ఉండవలసింది ఆయన. ఇంటికి వచ్చాక భయం భయంగానే చెప్పింది. రఘువీర్ నవ్వి, “నా కడుపు మీద నువ్వు మొక్కుకున్నవా?” అన్నాడు. కానీ ఒక్క వారం తప్పలేదు. జూన్, జులైలలో లీడ్స్‌లో రాత్రి తొమ్మిదిన్నర దాకా పొద్దుగూకదు. అప్పుడు కూడా కిటికీ దగ్గర కూర్చొని, ఆకాశం చూస్తూ ఆగేవాడు.

పగటి మాత్రలు ఆఫీసులో టిఫిన్ అయ్యాక వేసుకుంటానని డబ్బా బ్యాగులోనే పెట్టుకునేవాడు. శనివారాల్లో ఆమె “గోలీలు?” అని అడిగితే “అయింది” అనేవాడు. ఏమయిందో ఆమె అడగలేదు. ఈ కాటేజీలో డబ్బా కిటికీ గట్టు మీద పెట్టబట్టి మొదటిసారి దాన్ని శనివారం నాడు చూసింది.

డబ్బా వెనక ఫార్మసీ వాళ్ళు అంటించిన చీటీ ఉంది. ఆహారంతో గానీ ఆహారం తరువాత గానీ. ఒక మాత్రకు రాసినది. ఆయన నాలుగింటికీ వర్తింపజేసుకున్నాడు. తినలేదు కనుక వేసుకోలేదు. రాత్రి తిన్నాక, పగటి మాత్రల వేళ దాటిపోయిందని వదిలేసి ఉంటాడు. జూన్ నుంచి ప్రతి శనివారం ఇదే జరిగి ఉంటుందని ఆమెకు అర్థమైంది. 

క్రిస్మస్ నుంచి మధులిక ఈ ప్రయాణానికి భయపడుతూనే ఉంది. కానీ భయపడవలసిన దానికి కాదు. ఆమె లీడ్స్‌లో ఒక ప్రైమరీ స్కూల్లో టీచింగ్ అసిస్టెంట్. ఏ పిల్లవాడికి ఏది పడదో, ఏ ఆటలో ఎక్కడ దెబ్బ తగులుతుందో ముందే చూసుకోవడం ఆమె పని. ఆ అలవాటుతోనే స్కీయింగ్ గురించి దొరికినదంతా చదివింది. చెట్లకు గుద్దుకొని చనిపోయేవాళ్ళు, వేగం అదుపు తప్పి ఒకరినొకరు ఢీకొనేవాళ్ళు, మంచు గట్టిపడి గాజులా మారిన చోట జారి రాళ్ళ మీద పడేవాళ్ళు. తండ్రీకూతుళ్ళిద్దరికీ హెల్మెట్లు కొంది. బూటును స్కీ పలకకు పట్టి ఉంచే బిగింపు మరీ గట్టిగా ఉంటే పడ్డప్పుడు ఊడదని, కాలు మెలితిరుగుతుందని తెలుసుకుని, ఆ బిగింపు మనిషి బరువును బట్టి పెడతారు కనుక స్కీలు అద్దెకిచ్చే దుకాణంలో బరువు నిజమే చెప్పమని రఘువీర్‌ను రెండుసార్లు హెచ్చరించింది.

ముందురోజు సాయంత్రం ఆ దుకాణంలో రఘువీర్ మంకీ క్యాప్ మీద హెల్మెట్ పెట్టుకుని అద్దంలో చూసుకున్నాడు. దుకాణంలో పనిచేసే పిల్ల క్యాప్ తీసెయ్యమంది. ఉన్ని క్యాప్ లోపల ఉంటే హెల్మెట్ తలకు పట్టదని, దెబ్బ తగిలేలోపే జారిపోతుందని చెప్పింది.

“తియ్యన్నా, తియ్యి,” అన్నాడు సాకేత్. “మంకీ క్యాప్ మీద హెల్మెట్ ఏందే? పెండ్లికొడుక్కు రెండు తలపాగలు గట్టినట్టున్నది.”

“చెవులకు చలి పెడితే?”

“రాయి పొయినంక మస్తు నాజూకైనవన్నా నువ్వు!”

అందరూ నవ్వారు. మధులిక కూడా నవ్వింది.

బయలుదేరేముందు తమ ఫ్యామిలీ డాక్టరు జీపీని అడగమని ఆమె రఘువీర్‌తో చెప్పింది. క్లినిక్‌కు ఫోన్ చేస్తే అపాయింట్‌మెంట్ మూడు వారాల తరువాత అన్నారని, అప్పటికి ప్రయాణం అయిపోతుందని అతను అన్నాడు. ఆసుపత్రిలో నర్సు కొత్త వ్యాయామం ఏది మొదలుపెట్టినా ముందు అడగమని చెప్పింది. అది ఇద్దరికీ గుర్తుంది. ఇద్దరూ ఆ మాట ఎత్తలేదు. సహస్ర ఏడాదిగా లీడ్స్ దగ్గర ఇండోర్ మంచు వాలు మీద స్కీయింగ్ నేర్చుకుంటోంది. నిజమైన కొండ మీద డాడీతో కలిసి దిగాలని ఆమె కోరిక. మెల్లగా, బిగినర్ల వాలు మీదే, టీచర్ దగ్గర లెసన్ తీసుకుని చేస్తానని రఘువీర్ మాట ఇచ్చాడు.

మధులిక వాట్సాప్‌లో మెసేజ్ పెట్టింది. ‘గోలీలు ఏసుకోలేదు మీరు. కిందికి రండి.’ ఒక్క టిక్కు దగ్గరే ఆగింది. ఫోన్ చేసింది. మోగలేదు. సహస్రకు చేసింది. అదీ అంతే.

“మనస్వినీ, నేను కొండ దాక పోయొస్త.”

“ఇప్పుడా? బయట మంచు పడుతున్నదక్కా. నీకు మంచుల బండి నడిపిన అలవాటున్నదా?”

“లేదు.”

“మరి ఎందుకు, ఏమైంది?”

“అచ్చినంక చెప్త,” అని డబ్బా కోటు జేబులో వేసుకుంది.

మంచు తొలగించే బండి రోడ్డు మధ్యలో మాత్రమే శుభ్రం చేసి వెళ్ళింది. అంచుల్లో తెల్లటి దిమ్మలు. మధులిక రెండో గేరులో, స్టీరింగ్‌ను ఛాతీకి దగ్గరగా పట్టుకుని నడిపింది. మలుపులో వెనక చక్రాలు ఒకసారి పక్కకు జారాయి. బ్రేకు వేయకూడదని ఎక్కడో చదివిన మాట గుర్తొచ్చి కాలు బిగబట్టింది. కారు దానంతటది దారిలోకి వచ్చింది. తనకేమన్నా అయితే డబ్బా ఎవరు తీసుకెళ్తారన్న ఆలోచన వచ్చింది. ఆ తరువాత ఆమె ఏమీ ఆలోచించలేదు.

కొండ కింద కార్ పార్క్ నిండిపోయింది. పిల్లలు, రంగు జాకెట్లు, బూట్ల చప్పుళ్ళు. కేఫ్ కిటికీ దగ్గర సాకేత్ కనిపించాడు. ఒక్కడే. చేతిలో కాఫీ.

“అరె వదినా! మీరేంది ఇక్కడ?”

“ఆయనేడి?”

“పైనున్నడు. సహస్ర తోటి. నేను కాఫీకని ఇప్పుడే కిందికొచ్చిన.”

“పైన అంటే? బిగినర్ల వాలు ఇటు పక్కన కదా?”

“‘లెసన్ ఎందుకన్నా, నేనున్న కదా’ అని నేనే అన్న, వదినా. మస్తు తొందరగ నేర్చుకున్నడు. రెండుసార్లు కింద జారినంక చెయిర్‌లిఫ్ట్ ఎక్కిచ్చి పైకి తీస్కపోయిన. పైనుంచి వ్యూ జబర్దస్త్ ఉంటది.”

“రానని అనలేదా ఆయన?”

“అన్నడు కొంచెం. ‘ఇయ్యాల వద్దు తమ్మీ’ అన్నడు. నేనే బలవంతంగ… ఏమైంది వదినా? కొద్దిగ ఆయాసపడ్డడు, అంతే. కొత్త కదా. కాఫీ తాగుదాం రా అంటే ఒక్కపొద్దు అన్నడు, గ్యాస్ పట్టినట్టున్నది, కాసేపు కూసుంట అన్నడు.”

జూన్‌లో కూడా ఆయన గ్యాస్ అనే అన్నాడు.  మధులిక గోడకు ఎర్ర శిలువ గుర్తున్న ప్యాట్రోల్ గదికి నడిచింది. పరుగెడితే జారుతుంది, అందుకని నడిచింది. సాకేత్ కప్పు చేతిలోనే పట్టుకొని వెనకే వచ్చాడు.

గదిలో మోరాగ్ అనే ఆవిడ ఉంది. నెరిసిన జుట్టు, ఎండకూ మంచుకూ కందిన మొహం. కొండ మీద దెబ్బతిన్నవాళ్ళను కిందికి తెచ్చే ప్యాట్రోల్ సిబ్బందిలో పెద్దది. ఆమె తొందరపడకుండా ప్రశ్నలు వేసింది. మధులిక ఇంగ్లిష్‌లో జవాబులు చెప్పింది.

వయసు? యాభై రెండు. ఇంతకు ముందు స్కీయింగ్? ఇదే మొదటిరోజు. వేరే జబ్బులు?

మధులిక వెనక్కి చూసింది. సాకేత్ ఆమె భుజం వెనకే ఉన్నాడు. ఎనిమిది నెలలుగా ఇల్లు దాటి ఒక్కరికీ చెప్పని మాట. అత్తగారికి కూడా కిడ్నీ రాయనే చెప్పారు.

“హార్ట్ అటాక్. పోయిన జూన్‌లో. స్టెంట్ వేశారు.”

వెనక కాఫీ కప్పు బల్ల మీద పెట్టిన చప్పుడు. “వదినా…” అన్నాడు సాకేత్. 

ఈరోజు మాత్రలు వేసుకున్నాడా? లేదు. ఏమైనా తిన్నాడా? లేదు. నీళ్ళు? తెలియదు, తాగి ఉండకపోవచ్చు. ఛాతీలో నొప్పి ఉందన్నాడా? గ్యాస్ అన్నాడట.

మోరాగ్ ఆఖరి జవాబు వినకముందే రేడియో చేతిలోకి తీసుకుంది. మధులికను అడిగి, పై స్టేషన్‌లో ఉన్నవాళ్ళకు రఘువీర్ జాకెట్ రంగు, హెల్మెట్ రంగు చెప్పింది. గుండెకు షాక్ ఇచ్చే మెషిన్ తీసుకుని వెళ్ళమంది. అంబులెన్స్‌కు మరొకరు ఫోన్ చేశారు.

“ఆయన పడిపోయి ఉంటాడంటారా? చెట్ల వైపు?” మధులిక అడిగింది.

“నాకు చెట్ల భయం లేదు,” అంది మోరాగ్. “యాభై దాటిన మగవాళ్ళు. ఏడాదంతా కుర్చీలో కూర్చుని మొదటిరోజే కొండ ఎక్కేవాళ్ళు. ముందే గుండె జబ్బు ఉండి, దాని మాట ఎత్తనివాళ్ళు. వాళ్ళకు దెబ్బలు తగలవు. పెద్దగా వేగం కూడా ఉండదు. మధ్యాహ్న భోజనం లోపే, ఒక పక్కకు వచ్చి కూర్చుంటారు. నేను ఈ కొండ మీద హెల్మెట్ పగిలిన మనిషిని ఒక్కడినే మోసుకొచ్చాను. అలా పక్కకు వచ్చి కూర్చున్నవాళ్ళను అంతకంటే ఎక్కువమందిని తెచ్చాను.”

తెచ్చినవాళ్ళలో బతికినవాళ్ళు ఎందరో మధులిక అడగలేదు.

మోరాగ్ చెప్పింది ఈ ఒక్క కొండ సంగతి కాదు. ఆస్ట్రియా లాంటి చోట్ల స్కీ వాలుల మీద చనిపోయినవాళ్ళ లెక్కలు తీసినప్పుడు, దెబ్బలతో పోయినవాళ్ళతో పాటు గుండె ఆగి పోయినవాళ్ళు పెద్ద భాగమే తేలారు. వాళ్ళలో చాలామంది నడివయసు దాటిన మగవాళ్ళు, చాలామందికి అది సెలవులో మొదటిరోజో రెండోరోజో. మధులిక చదివినవాటిలో ఇది కూడా ఎక్కడో ఉండే ఉంటుంది. హెల్మెట్ల గురించి చదివే తొందరలో దాటేసి ఉంటుంది.

రేడియోలో గరగర. మోరాగ్ శబ్దం పెంచింది.

వాలు మలుపు దగ్గర ఒక అమ్మాయి చేతులు ఊపుతోందని, మంచులో రెండు స్కీలు అడ్డంగా, గుణకారం గుర్తులా పాతి ఉన్నాయని చెప్పారు. పైనుంచి దిగేవాళ్ళు ఢీకొనకుండా, పక్కకు తప్పుకోవడానికి అది గుర్తు. సహస్రకు లీడ్స్‌లో మొదటి తరగతిలోనే నేర్పారు. కింద మంచులో మనిషి కూర్చుని ఉన్నాడు. తెలివిలో ఉన్నాడు. మొహం బూడిదరంగులో ఉంది. చెమట పడుతోంది, ఇంత చలిలో.

“మనిషి బతికున్నాడు,” అంది మోరాగ్.

మధులిక తల ఊపింది.  సాకేత్ గోడకు ఆనుకుని కిందకి జారి కూర్చున్నాడు.

మళ్ళీ గరగర. ఈసారి ప్యాట్రోల్ కుర్రవాడి గొంతులో విసుగు వినిపించింది. మనిషిని పడుకోబెట్టి మంచు మీద లాక్కొచ్చే స్లెడ్జ్ ఆయన ఎక్కనంటున్నాడు. ఇది గ్యాస్ అట. కాసేపు ఆగితే తనే నడిచి దిగుతాడట. కింద స్నేహితుడు చూస్తే బాగుండదట.

మోరాగ్ మధులిక వైపు చూసింది. “మీ మాట వింటాడా?”

“ఇంతవరకు ఎప్పుడూ వినలేదు,” అంది మధులిక. మోరాగ్ రేడియో ఆమె చేతికిచ్చి, ఏ మీట నొక్కాలో చూపించింది.  మధులిక దాన్ని రెండు చేతులతో పట్టుకుని నొక్కింది.

“ఏమండీ. నేను, మధును. కిందనే ఉన్న.”

అవతల గాలి చప్పుడు.

“సాకేత్‌కు చెప్పేసిన. స్టెంట్ సంగతి, అటాక్ సంగతి, అంత చెప్పిన. ఇక్కడున్నోళ్ళందరికి తెలిసింది. ఇంక మీరు దాచెటందుకు ఏం మిగల్లేదు. ఆ స్లెడ్జ్ ఎక్కి పండుకోండ్రి.”

రఘువీర్ గొంతు వినిపించింది. సన్నగా, ఊపిరికీ ఊపిరికీ మధ్య మాటలు ఇరుక్కున్నట్టు.

“ఎందుకు… చెప్పినవ్?”

“మీరు సచ్చిపోతరని చెప్పిన.”

ఆ మాట ఆమె అంతకు ముందెప్పుడూ పైకి అనలేదు. జూన్‌లో కూడా అనలేదు. గదిలో తెలుగు అర్థమైనవాడు సాకేత్ ఒక్కడే. అతను తల వంచుకున్నాడు.

“ఇక్కడ… ఏదో గోలి నమలమంటున్నరు,” అన్నాడు రఘువీర్. “ఇయ్యాల శనివారం కదనే.”

మధులికకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. ఆమె మీట మీద వేళ్ళు బిగించింది.

“మొక్కు మొక్కింది నేను. మీరు కాదు. దేవుడు అడిగేది నన్ను. నేను జెప్పుకుంట. నమలుండ్రి.”

మళ్ళీ గాలి చప్పుడు. ఆ తరువాత సహస్ర గొంతు. ఇంట్లో తెలుగంతా అర్థమైనా జవాబు మాత్రం ఇంగ్లిష్‌లోనే ఇచ్చే పిల్ల.

“మమ్మీ, హీ ఈజ్ చ్యూయింగ్ ఇట్,” అంది. ఏడుస్తోంది. “హీ ఈజ్ ఆన్ ది స్లెడ్జ్.”

స్లెడ్జ్‌ను ఇద్దరు ప్యాట్రోల్ మనుషులు ముందూ వెనకా పట్టుకుని దింపారు. సహస్ర పక్కనే దిగింది. మధులిక గది బయట నిలబడి చూసింది. వాలు పైన ఒక ఎర్రటి చుక్క కనిపించింది. అది ఒక్కోసారి మంచు తెరలో మాయమయ్యేది.  దగ్గరికి వచ్చాక దుప్పట్లలోంచి రఘువీర్ మొహం మాత్రమే కనిపించింది. పెదవులకు రంగు లేదు. ఆమెను చూసి ఏదో అనబోయాడు.

“మాట్లాడకుండ్రి,” అంది.

సాకేత్ స్లెడ్జ్ పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. “అన్నా, ఒక్క మాట చెప్పకపోతివి. నేను లాక్కపోయిన గదనే నిన్ను. ఒక్క మాట చెప్పకపోతివి.”

రఘువీర్ కళ్ళు మూసుకున్నాడు. అంబులెన్స్ తలుపులు తెరిచారు. మధులిక జేబులోంచి మాత్రల డబ్బా తీసి పారామెడిక్ చేతికిచ్చింది. అతను శనివారం గడి తెరిచి చూసి, ఇది ఎన్నాళ్ళుగా అని అడిగాడు. ఆమె నిజమే చెప్పింది.

దారిలో ఈసీజీ కాగితం మీద గీతలు వచ్చినప్పుడల్లా ఆమె పారామెడిక్ మొహం చూసింది. కాగితం ఆమెకు అర్థం కాదు. మొహం కూడా అర్థం కాలేదు. సహస్ర ఆమె చెయ్యి పట్టుకుని, తాను ముందే ఆపవలసిందని, డాడీ జోకులు వేయడం మానేసినప్పుడే తనకు అర్థమై ఉండవలసిందని ఇంగ్లిష్‌లో చెబుతూనే ఉంది. లిఫ్ట్ దిగాక అతను స్కీలు చేతపట్టుకుని కొంతదూరం ఎత్తు ఎక్కాడట. మూడుసార్లు ఆగాడట. మూడోసారి సహస్ర అతన్ని పక్కకు కూర్చోబెట్టి, ఇక లేవనివ్వలేదు.

ఆసుపత్రిలో రక్త పరీక్ష చూసి గుండెకు మళ్ళీ దెబ్బ తగిలిందన్నారు. స్టెంట్ దగ్గరే రక్తం గడ్డ కట్టడం మొదలైంది. దారి పూర్తిగా మూసుకుపోలేదు. కొండ మీద నమిలిన మాత్ర పనికొచ్చిందని డాక్టరమ్మ చెప్పింది. వారానికి ఒకరోజు మానేస్తే ఏమవుతుందని రఘువీర్ అడిగాడు. గడ్డ కట్టడానికి రక్తం వారమంతా ఎదురుచూస్తుందని, మీరు ప్రతి వారం ఒకరోజు దానికి తలుపు తీశారని ఆమె అంది. ఈరోజు దానికి చలి, ఖాళీ కడుపు, అలవాటు లేని శ్రమ తోడయ్యాయంది. ఉపవాసం ఉండకూడదా అంటే, ముందే డాక్టరును అడిగి ఉంటే మాత్రల సమయం మార్చి ఇచ్చేవారు, లేదా వద్దని చెప్పేవారు అంది. ఎవరూ అడగలేదు.

రఘువీర్ గురువారం ఇంటికి వచ్చాడు. అప్పటికే లీడ్స్‌లో తెలిసినవాళ్ళందరికీ సంగతి తెలిసిపోయింది. కొందరు ఇంటికి వచ్చారు. ఒకాయన కుర్చీ దగ్గరికి జరిపి, “కూసోండి కూసోండి, లేవకండి” అన్నాడు. రఘువీర్ భార్య వైపు చూశాడు. ఆమె చూపు తిప్పుకుంది. సాకేత్ ఫోన్ చేసి తానూ జీపీ దగ్గర ఈసీజీకి పేరిచ్చానని, వచ్చే ఏడు కొండకు తీసుకెళ్ళే ప్రతి ఒక్కరినీ ముందు గుండె సంగతి, మాత్రల సంగతి అడుగుతానని, మొహమాటపడనని చెప్పాడు.

శనివారం పొద్దున మధులిక ఉప్మా ప్లేటు, పక్కన మాత్రల డబ్బా బల్ల మీద పెట్టింది. ఎదురుగా కూర్చుంది. రఘువీర్ ప్లేటు దగ్గరికి లాక్కున్నాడు.

“నువ్వు తినవా?”

“నేను పొద్దుగూకినంక తింట.”

అతనికి అర్థం కావడానికి కొంచెం టైం పట్టింది. “జూన్ల రాత్రి తొమ్మిదిన్నర దాక ఎట్లుంటవే? స్కూల్ల పిల్లల వెంట ఉరుకుడుంటది నీకు.”

“శనివారం బడి లేదు. తినుండ్రి.”

అతను తిన్నాడు. శనివారం గడి తెరిచి మాత్రలు ఒక్కొక్కటే మింగాడు. ఆఖరిది మింగాక నోరు తెరిచి చూపించాడు, చిన్నపిల్లవాడిలా, నవ్వించడానికి. ఆమె నవ్వలేదు. ప్లేటు తీసి సింకులో పెట్టి, చెయ్యి తుడుచుకుని తిరిగి వచ్చింది. ఆదివారం గడి మూత ఎత్తి, మాత్రలున్నాయో లేదో చూసి, మళ్ళీ మూసింది.